సర్పి అనంతర నాడీశూల

సర్పి అనంతర నాడీశూల అనేది సర్పి వ్యాధిలో వచ్చిన పొక్కులు మాని, చర్మం బాగుపడిన తరువాత కూడా అదే చోట నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు సంవత్సరాల తరబడి మిగిలిపోయే నరాల నొప్పి. వైద్యులు దీనిని పోస్ట్ హెర్పెటిక్ న్యూరాల్జియా అని వ్యవహరిస్తారు. సాధారణంగా పొక్కులు కనిపించిన రోజు నుండి లెక్కించి మూడు నెలలు, అంటే 90 రోజులు, దాటిన తరువాత కూడా చెప్పుకోదగిన నొప్పి ఉంటే దానికి ఈ పేరు పెడతారు. సర్పి వచ్చిన వారందరికీ ఈ నొప్పి మిగలదు. ఎవరికి మిగలవచ్చునో కొంతవరకు మొదటి వారంలోనే అంచనా వేయవచ్చును. ఆ అంచనాకు పనికివచ్చే లక్షణాలను ముప్పు కారకాలు అంటారు. ఈ వ్యాసం ముఖ్యంగా వాటిని గురించినది.

పేరు

సర్పి వ్యాధికి వైద్యశాస్త్రంలోని పేరు హెర్పిస్ జోస్టర్. ఇంగ్లీషు వాడుకలో షింగిల్స్ అంటారు. హెర్పిస్ అనే మాట పాకుట అనే అర్థం గల గ్రీకు ధాతువు నుండి వచ్చినది. సంస్కృతంలో సర్పము అనే మాటకు మూలమైన సృప్ ధాతువుకు కూడా పాకుట అనియే అర్థం. ఈ రెండు ధాతువులూ ఒకే మూలభాష నుండి చీలినవని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. కాబట్టి మన సర్పి, వారి హెర్పిస్ దాయాదులే. జోస్టర్ అంటే గ్రీకులో నడికట్టు. షింగిల్స్ అనే మాట కూడా లాటిన్‌లో నడికట్టుకు గల పేరు నుండి వచ్చినదే. పొక్కులు నడుముకు లేదా రొమ్ముకు ఒక ప్రక్క పట్టీవలె లేచుట వలన ఈ పేర్లు ఏర్పడినవి.

హెర్పిస్ సింప్లెక్స్ అనే వేరొక వైరస్ వలన పెదవుల మీద వచ్చే పొక్కులను కూడా సర్పి అనుట కలదు. ఆ వ్యాధి వేరు.

సర్పి ఎలా వస్తుంది

సర్పికి కారణం వారిసెల్లా జోస్టర్ వైరస్. ఆటలమ్మకు కారణం కూడా ఇదే. చిన్నతనంలో ఆటలమ్మ పోసి తగ్గిన తరువాత వైరస్ శరీరాన్ని విడిచి పోదు. వెన్నుపాముకు ప్రక్కన, ప్రతి ఇంద్రియ నాడి మొదట్లో నాడీసంధులు అనబడే చిన్న కణుపుల వంటి భాగాలు ఉంటాయి. వైరస్ వాటిలోని నాడీకణాలలో దశాబ్దాల పాటు నిద్రాణమై ఉంటుంది. వయస్సు మీరినందువల్లనో, ఇతర కారణాల వల్లనో శరీర రక్షణ సడలినపుడు అది ఒక నాడీసంధిలో మేల్కొని, ఆ నాడి వెంట చర్మం వరకు ప్రయాణించి, ఆ నాడికి చెందిన చర్మభాగంలో మాత్రమే పొక్కులను పుట్టిస్తుంది.

ఆటలమ్మకు, సర్పికి సంబంధమున్నదని 19వ శతాబ్దం చివరలోనే బుడాపెస్టు వైద్యుడు బోకాయ్ గమనించాడు. సర్పి వచ్చిన పెద్దల ఇళ్ళలో పిల్లలకు ఆటలమ్మ సోకుట ఆయన దృష్టికి వచ్చినది. 1950ల దశకంలో అమెరికా శాస్త్రజ్ఞుడు టామస్ వెల్లర్ రెండు వ్యాధుల పొక్కుల నుండి ఒకే వైరస్‌ను వేరుచేశాడు. పాత వైరస్ లోపలే ఉండి మళ్ళీ లేస్తుందనే సిద్ధాంతాన్ని పటిష్ఠంగా ప్రతిపాదించినది ఇంగ్లండులోని సైరన్‌సెస్టర్ పట్టణపు కుటుంబ వైద్యుడు ఎడ్గర్ హోప్-సింప్సన్. ఆయన పెద్ద పరిశోధనశాలలో పనిచేసినవాడు కాదు. తన వద్దకు వచ్చే కుటుంబాలలో 16 సంవత్సరాల పాటు కనిపించిన 192 సర్పి రోగులను ఓపికగా నమోదు చేసి 1965లో ఆ వ్యాసాన్ని ప్రకటించాడు. 85 ఏళ్ళు బ్రతికే వారిలో సగం మందికి జీవితంలో ఒకసారైనా సర్పి వస్తుందని ఆయన లెక్క కట్టాడు. తరువాతి లెక్కలు కూడా దీనికి దగ్గరగానే ఉన్నవి.

నొప్పి స్వరూపం

ఈ నొప్పి దెబ్బ తగిలిన నొప్పి వంటిది కాదు. రోగులు దానిని మంట అనియు, నిప్పు పెట్టినట్లున్నదనియు, సూదులతో పొడిచినట్లున్నదనియు, ఉండి ఉండి కరెంటు షాకు కొట్టినట్లున్నదనియు చెబుతారు. ఒకే రోగి ఈ మూడు నాలుగు రకాలనూ చెప్పవచ్చును. వీటన్నిటికంటె విచిత్రమైనది స్పర్శ నొప్పిగా మారుట. చీర కొంగు లేదా బనియను రాచుకొన్నా, ఫ్యాను గాలి తగిలినా ఓర్చుకొనలేని బాధ కలుగుతుంది. దీనిని అల్లోడినియా అంటారు. గట్టిగా అదిమితే బాధ లేకపోవచ్చును, తేలికగా తాకితేనే బాధ. అదే చర్మంలో కొంతచోట తిమ్మిరి, స్పర్శ తెలియకపోవుట కూడా ఉండవచ్చును. కొందరికి నొప్పికి బదులు తీరని దురద ఉంటుంది.

పైకి చూస్తే చర్మం మీద కొద్దిపాటి మచ్చలు తప్ప ఏమీ కనబడదు. అందువలన ఇంటిలోని వారికి ఈ బాధ నమ్మశక్యంగా ఉండదు. పెద్దవారు చొక్కా వేసుకొనకుండా కూర్చున్నా, రాత్రులు నిద్రపోక లేచి తిరుగుతున్నా అది చాదస్తమని కొట్టివేయుట తరచుగా జరిగే పొరపాటు. నిద్ర, ఆకలి తగ్గుట, బరువు కోల్పోవుట, ఇల్లు కదలకపోవుట, దిగులు ఈ నొప్పి వెంట వచ్చే ఇబ్బందులు.

నొప్పి ఎందుకు మిగులుతుంది

1900లో ఇంగ్లండులో హెన్రీ హెడ్, ఎ. డబ్ల్యు. కాంప్‌బెల్ అనే ఇద్దరు వైద్యులు సర్పి వచ్చిన తరువాత మరణించిన వారి దేహాలను పరీక్షించి, నాడీసంధిలో వాపు, రక్తస్రావం, కణనాశనం జరిగినట్లు చూపారు. అనగా సర్పి చర్మవ్యాధిగా కనబడినా నిజానికి అది నాడీవ్యాధి. పొక్కులు దాని చివరి ఫలితం మాత్రమే.

నాడీకణాలు కొన్ని చనిపోతాయి, కొన్ని దెబ్బతిని బ్రతుకుతాయి. బ్రతికినవి ఏ ప్రేరణ లేకుండానే సంకేతాలు పంపుట మొదలుపెడతాయి. చాలినన్ని సరైన సంకేతాలు రాని వెన్నుపాము, వచ్చిన కొద్దిపాటి సంకేతాలను పెంచి మెదడుకు అందజేస్తుంది. చర్మపు ముక్కలను సూక్ష్మదర్శినిలో పరీక్షించిన పరిశోధకులు, సర్పి తరువాత నొప్పి మిగిలిన వారిలో, మిగలని వారికంటె ఆ చోటి నాడీ తంతువులు బాగా తక్కువగా ఉన్నట్లు కనుగొన్నారు. మొదటి రోజులలో నాడికి ఎంత నష్టం జరిగితే తరువాత నొప్పి మిగిలే అవకాశం అంత ఎక్కువ. క్రింద చెప్పబోయే ముప్పు కారకాలలో చాలావరకు ఈ నష్టానికి సూచికలే. ఈ విషయం గుర్తుంచుకొన్న విద్యార్థికి మిగిలినది బట్టీ పట్టవలసిన అవసరం ఉండదు.

రెండు వేరు ప్రశ్నలు

సర్పి ఎవరికి వస్తుంది అనేది ఒక ప్రశ్న. సర్పి వచ్చిన వారిలో నొప్పి ఎవరికి మిగులుతుంది అనేది మరొకటి. పత్రికలలోని ఆరోగ్య శీర్షికలలో ఈ రెండూ కలిసిపోవుట తరచుగా చూస్తాము. కొన్ని కారకాలు, ఉదాహరణకు వయస్సు, రెండిటికీ వర్తిస్తాయి. పొక్కుల తీవ్రత వంటివి సర్పి వచ్చిన తరువాతనే తెలిసేవి కనుక రెండవ ప్రశ్నకు మాత్రమే సంబంధించినవి. ఈ వ్యాసంలో ముప్పు అన్నపుడు రెండవ ప్రశ్ననే ఉద్దేశించినట్లు గ్రహించవలెను.

ముప్పు కారకాలు

వయస్సు

అన్నిటికంటె బలమైనది, ఏ అధ్యయనంలోనూ కాదనబడనిది వయస్సు. నలభై ఏళ్ళ లోపు వారికి సర్పి వచ్చినా నొప్పి నెలల తరబడి మిగులుట అరుదు. ఐస్‌లాండులో కుటుంబ వైద్యుల వద్దకు వచ్చిన 421 మంది రోగులను అనుసరించి 2000లో ప్రకటించిన అధ్యయనంలో, 60 ఏళ్ళ లోపు వారిలో మూడు నెలల తరువాత నొప్పి మిగిలినది వందకు 1.8 మందికి మాత్రమే. అది కూడా స్వల్పమైన నొప్పి. అరవై దాటిన తరువాత ముప్పు వేగంగా పెరుగుతుంది.

బ్రిటనులో 2016లో ప్రకటించిన ఒక పెద్ద అధ్యయనంలో సుమారు 1,19,000 మంది సర్పి రోగుల వైద్య రికార్డులను పరిశీలించారు. వారిలో వందకు 5.8 మందికి నొప్పి మిగిలినది. 50 నుండి 79 ఏళ్ళ మధ్య వయస్సు పదేళ్ళు పెరిగినప్పుడల్లా ముప్పు సుమారు 1.7 రెట్లయినది. రెట్లు అనే మాట చిన్నదిగా కనిపించవచ్చును గాని అది చక్రవడ్డీ వంటిది. యాభై ఏళ్ళ వయస్సులో ముప్పు వందకు 3 అనుకొంటే, అరవైకి 5, డెబ్బైకి సుమారు 9 అవుతుంది. ఈ వందకు 3 అనేది లెక్క చూపుటకు తీసుకొన్న అంకె మాత్రమే.

వయస్సుతో ముప్పు ఎందుకు పెరుగుతుంది? ఆటలమ్మ పోసిన వారి రక్తంలో ఆ వైరస్‌కు ప్రతిరక్షకాలు ముసలితనంలో కూడా ఉంటాయి. తగ్గేది ఆ వైరస్‌ను గుర్తించి అదుపుచేసే టి-కణాల బలం. ఆ బలం తగ్గినపుడు వైరస్ నాడీసంధిలో ఎక్కువ కాలం, ఎక్కువ మేర విజృంభిస్తుంది. దెబ్బతిన్న నాడులు తిరిగి కోలుకొనే శక్తి కూడా వృద్ధాప్యంలో తక్కువ. నష్టం ఎక్కువ, మరమ్మతు తక్కువ అన్నమాట.

పొక్కులకు ముందు వచ్చే నొప్పి

చాలామందికి పొక్కులు లేవటానికి ఒకటి నుండి అయిదు రోజుల ముందే ఆ చోట నొప్పి, మంట లేదా దురద మొదలవుతుంది. దీనిని పూర్వరూపం అనవచ్చును. ఆయుర్వేదంలో వ్యాధి లక్షణాలు పూర్తిగా బయటపడక ముందు కనిపించే సూచనలకు ఈ పేరే ఉన్నది. పూర్వరూపంగా నొప్పి వచ్చినవారిలో తరువాత నొప్పి మిగిలే అవకాశం, రానివారికంటె రెండు రెట్లకు కొంచెం ఎక్కువ అని పలు అధ్యయనాలను కలిపి 2016లో చేసిన సమీక్ష తేల్చినది. చర్మం మీద ఏమీ కనబడక ముందే నాడీసంధిలో గట్టి నష్టం మొదలైనదని దీని సూచన.

చిక్కు ఏమంటే, ఈ దశలో వ్యాధిని గుర్తించుట వైద్యునికి కూడా కష్టం. రొమ్ముకు ఎడమ ప్రక్క వస్తే గుండెనొప్పి అని, కుడి ప్రక్క డొక్కలో వస్తే పిత్తాశయంలో రాళ్ళని, నడుములో వస్తే బెణుకు అని, నుదుటి మీద వస్తే పార్శ్వపు నొప్పి అని అనుమానిస్తారు. ఇ.సి.జి. తీయించి, గుండె బాగున్నదని విని, నొప్పి బామ్ రాసుకొని పడుకొన్న రెండు రోజులకు పొక్కులు కనిపించుట చాలా కుటుంబాలకు తెలిసిన కథ. గుండెను పరీక్షించుట తప్పు కాదు, చేయవలసినదే. కాని అరవై దాటినవారికి శరీరంలో ఒక ప్రక్కనే కారణం తెలియని మంట వచ్చినపుడు, ప్రతిరోజూ ఆ చోట చర్మాన్ని వెనుకవైపుతో సహా చూస్తూ ఉండుట అవసరం. వీపు తమకు తాము చూసుకొనలేరు కనుక ఇంటిలో మరొకరు చూడవలెను.

మొదటి రోజుల నొప్పి తీవ్రత

పొక్కులు ఉన్న దశలో నొప్పి ఎంత తీవ్రంగా ఉంటే అది మిగిలిపోయే అవకాశం అంత ఎక్కువ. తీవ్రమైన నొప్పి ఉన్నవారిలో ముప్పు రెండింతలకు మించి ఉన్నట్లు పై సమీక్షలోనే ఉన్నది. తాకితే నొప్పి కలిగే లక్షణం ఆ దశలోనే ఉండుట కూడా ఒక సూచన. వయస్సు తరువాత వైద్యుడు తప్పక అడిగి వ్రాసుకొనవలసినది ఇదే. పదికి ఎన్ని మార్కుల నొప్పి అని అడిగే పద్ధతి ఇప్పుడు ఆసుపత్రులలో ఉన్నది. మన పెద్దవారిలో, ముఖ్యంగా స్త్రీలలో, బాధను తక్కువ చేసి చెప్పుకొనే అలవాటు ఉన్నందున ఆ మార్కులతో పాటు రాత్రి నిద్ర పట్టినదా, చొక్కా లేదా జాకెట్టు వేసుకొనగలిగారా అని అడిగితే నిజం బాగా తెలుస్తుంది.

పొక్కుల తీవ్రత, స్థానం

పొక్కులు ఎక్కువగా లేచిన వారిలో ముప్పు రెండున్నర రెట్ల వరకు ఉన్నట్లు తేలినది. పొక్కులు 50 దాటితే తీవ్రమైనవిగా లెక్కించుట పలు అధ్యయనాలలో ఉన్న పద్ధతి. ఎండిన పొక్కులను, గుంపులుగా కలిసిపోయినవాటిని కలుపుకొని లెక్కిస్తారు.

సర్పి ఎక్కువగా వచ్చేది రొమ్ము, వీపు భాగంలోని నాడులకు. దాని తరువాత ముఖానికి స్పర్శనిచ్చే త్రిధార నాడికి, అందులోను నుదురు, కన్ను ప్రాంతానికి చెందిన మొదటి శాఖకు. కంటి సర్పి వచ్చిన వారిలో నొప్పి మిగిలే ముప్పు కూడా రెండున్నర రెట్లకు దగ్గరగా ఉన్నది. ఇక్కడ నొప్పి కంటె ముందు చూపు గురించి ఆలోచించవలెను. ముక్కు కొన మీద పొక్కులు వస్తే కంటిలోపలి భాగాలకు కూడా వ్యాధి సోకే అవకాశం ఎక్కువ. దీనిని హచిన్‌సన్ సూచన అంటారు. ముక్కు కొనకు, కంటికి ఒకే నాడీశాఖ పోవుటయే ఇందుకు కారణం. నుదుటి మీద, కంటి రెప్ప మీద, ముక్కు మీద సర్పి వచ్చినవారు అదే రోజు కంటి వైద్యునికి చూపించుకొనవలెను.

వ్యాధినిరోధక శక్తి తగ్గుట

రక్త కాన్సరు, లింఫోమా, మైలోమా వంటి వ్యాధులు, హెచ్.ఐ.వి., అవయవ మార్పిడి తరువాత వాడే మందులు, ఎక్కువ మోతాదులో స్టీరాయిడ్లు సర్పి వచ్చే అవకాశాన్ని బాగా పెంచుతాయి. నొప్పి మిగిలే అవకాశాన్ని కూడా వీటిలో కొన్ని పెంచుతాయి. పైన చెప్పిన బ్రిటిష్ అధ్యయనంలో మొత్తం మీద వందకు 5.8 మందికి నొప్పి మిగలగా, ల్యుకేమియా ఉన్నవారిలో వందకు 13.7 మందికి, లింఫోమా ఉన్నవారిలో 12.7 మందికి మిగిలినది. కీళ్ళవాతంలో ఒక రకమైన రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ ఉన్నవారిలో 9.1 మందికి మిగిలినది. ఈ చివరి అంకెలో కొంత భాగం ఆ రోగులు వయస్సులో పెద్దవారగుట వలన వచ్చినదే. వయస్సు మొదలగు తేడాలను సవరించి చూస్తే పెరుగుదల 1.2 రెట్లు మాత్రమే.

చిన్న వయస్సులో, ఇతరత్రా ఆరోగ్యంగా ఉన్నవారికి సర్పి తీవ్రంగా వచ్చినా, మళ్ళీ మళ్ళీ వచ్చినా హెచ్.ఐ.వి. పరీక్ష చేయించుట వైద్యంలో ఉన్న పద్ధతి. సర్పి వచ్చిన ప్రతివారికీ ఆ వ్యాధి ఉన్నదని దీని అర్థం కాదు.

మధుమేహం, ఇతర కారకాలు

తెలుగు రాష్ట్రాలలో మధుమేహం ఎక్కువ కనుక ఈ ప్రశ్న తరచుగా వస్తుంది. మధుమేహం ఉన్నవారికి సర్పి రావటం కొంత ఎక్కువ. నొప్పి మిగులుటకు కూడా సంబంధం కొన్ని అధ్యయనాలలో కనిపించినది గాని, వయస్సు, మొదటి నొప్పి తీవ్రతలకు ఉన్నంత బలం దానికి లేదు. అయితే మధుమేహం వలన పాదాలలో వచ్చే మంటలు శరీరానికి రెండు ప్రక్కలా సమానంగా ఉంటాయి. సర్పి తరువాతి నొప్పి ఒక ప్రక్కనే, ఒక పట్టీలోనే ఉంటుంది. ఈ తేడా రోగికి తెలిసి ఉండుట మంచిది.

పొగ త్రాగేవారిలో, మానినవారిలో, బాగా బక్కచిక్కినవారిలో, స్థూలకాయులలో ముప్పు కొంచెం ఎక్కువ అని బ్రిటిష్ అధ్యయనం తెలిపినది. ఉబ్బసం ఉన్నవారిలో కూడా అట్లే. స్త్రీలకు పురుషులకంటె ముప్పు ఎక్కువ అని కొన్ని అధ్యయనాలు, తేడా లేదని మరికొన్ని చెప్పినవి. బ్రిటిష్ లెక్కలో స్త్రీలలో వందకు 6.3, పురుషులలో 5.1. ఇంతటి చిన్న తేడాను బట్టి ఒక రోగి విషయంలో నిర్ణయాలు తీసుకొనుట కుదరదు.

అంకెలను చదివే విధానం

ఒక పుస్తకంలో సర్పి వచ్చిన వారిలో వందకు 5 మందికి నొప్పి మిగులుతుందని, మరొక పుస్తకంలో 30 మందికి అని చూసి విద్యార్థులు తికమకపడుట సహజం. రెండూ తప్పు కానక్కరలేదు. మొదటిది, నిర్వచనం. పొక్కులు వచ్చిన నెల తరువాత ఉన్న నొప్పిని లెక్కిస్తే అంకె పెద్దది, మూడు నెలల తరువాత లెక్కిస్తే చిన్నది. హోప్-సింప్సన్ కాలంలో నెల లెక్కయే వాడేవారు. రెండవది, ఎవరిని లెక్కించారు అనేది. ఊరిలోని కుటుంబ వైద్యుని వద్దకు తేలికపాటి సర్పి ఉన్నవారు కూడా వస్తారు. పెద్ద ఆసుపత్రికి బాధ భరించలేనివారే వస్తారు. మూడవది, ఏ వయస్సు వారు అనేది.

అట్లే ముప్పు రెండు రెట్లు అనగానే భయపడనవసరం లేదు. వందకు 5 రెండు రెట్లయితే వందకు 10. అప్పటికీ 90 మందికి నొప్పి మిగలలేదు. కాని డెబ్బై అయిదేళ్ళ వయస్సు, ముందుగా వచ్చిన నొప్పి, నిద్ర పట్టనీయని బాధ, ఒత్తుగా లేచిన పొక్కులు ఈ నాలుగూ ఒకే మనిషిలో కలిసినపుడు ఆ ధైర్యం చెప్పలేము. 2004లో ప్రకటించిన ఒక విశ్లేషణలో వయస్సు, పూర్వరూపపు నొప్పి, పొక్కుల తీవ్రత, మొదటి నొప్పి తీవ్రత ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా వేటికవే ముప్పును పెంచుతాయని తేలినది. వైద్యుడు నిశితంగా కనిపెట్టి ఉండవలసినది అట్టి రోగినే.

మందులతో ముప్పు తగ్గునా

సర్పికి ఎసిక్లోవిర్, వాలసిక్లోవిర్, ఫామ్‌సిక్లోవిర్ అనే వైరస్ నిరోధక మందులు వాడతారు. పొక్కులు కనిపించిన 72 గంటలలోపు మొదలుపెట్టుట ఉత్తమం. కంటి సర్పిలోను, వ్యాధినిరోధక శక్తి తగ్గినవారిలోను, కొత్త పొక్కులు ఇంకా లేస్తున్నవారిలోను ఆ గడువు దాటినా మొదలుపెడతారు. వీటివలన పొక్కులు త్వరగా మానుతాయి, మొదటి దశ నొప్పి త్వరగా తగ్గుతుంది, కంటికి కలిగే ఉపద్రవాలు తగ్గుతాయి.

ఇవి నెలల తరబడి మిగిలే నొప్పిని నివారిస్తాయా అనే ప్రశ్నకు సమాధానం చాలామంది అనుకొన్నంత ఆశాజనకంగా లేదు. ఎసిక్లోవిర్‌పై జరిగిన ప్రయోగాలను కలిపి చూసిన 2014 నాటి కాక్రేన్ సమీక్ష, నొప్పి మిగిలేవారి సంఖ్యను అది చెప్పుకోదగినంత తగ్గించలేదని తేల్చినది. స్టీరాయిడ్లు కూడా ఆ నొప్పిని నివారించినట్లు రుజువు కాలేదు. కాబట్టి మందు మొదలుపెట్టితిమి కదా అని రోగిని మరచిపోకూడదు. మందు త్వరగా ఇవ్వవలెను, నొప్పికి వేరుగా తగిన చికిత్స చేయవలెను, ముప్పు ఎక్కువ ఉన్నవారిని నెల తరువాత మళ్ళీ చూడవలెను.

టీకాలు

సర్పి వచ్చిన తరువాత వయస్సును మార్చలేము, పొక్కుల సంఖ్యను మార్చలేము. సర్పి రాకుండానే చేయగలిగితే నొప్పి మిగిలే ప్రశ్నయే ఉండదు. బలహీనపరచిన సజీవ వైరస్‌తో చేసిన జోస్టావాక్స్ టీకాను 60 ఏళ్ళు దాటిన 38,546 మందిపై పరీక్షించి 2005లో ఫలితాలు ప్రకటించారు. సర్పి 51.3 శాతం, తరువాతి నాడీశూల 66.5 శాతం తగ్గినవి. 2006లో అమెరికాలో అనుమతి పొందిన ఈ టీకా అమ్మకాన్ని అక్కడ 2020 నవంబరులో నిలిపివేశారు.

దాని స్థానంలోకి వచ్చినది షింగ్రిక్స్. ఇందులో సజీవ వైరస్ లేదు. వైరస్ పైపొరలోని ఒక ప్రోటీను, దానికి తోడుగా రక్షణ వ్యవస్థను ప్రేరేపించే పదార్థం ఉంటాయి. రెండు నుండి ఆరు నెలల ఎడంతో రెండు మోతాదులు కండరంలోకి ఇస్తారు. 2015, 2016 సంవత్సరాలలో ప్రకటించిన ప్రయోగాలలో 50 ఏళ్ళు దాటినవారిలో 97 శాతం, 70 దాటినవారిలో సుమారు 90 శాతం మేర సర్పిని నివారించినది. నాడీశూల 70 దాటినవారిలో కూడా 88 శాతానికి పైగా తగ్గినది. వేసిన చోట నొప్పి, ఒకటి రెండు రోజులు ఒళ్ళునొప్పులు, జ్వరం సాధారణం. అమెరికాలో 2017లో అనుమతి పొందిన ఈ టీకా భారతదేశంలో 2023లో, 50 ఏళ్ళు దాటినవారికై విడుదలైనది. ప్రభుత్వ సార్వత్రిక టీకాల కార్యక్రమంలో ఇది లేదు, ధర కూడా సామాన్యునికి భారమే. ఒకసారి సర్పి వచ్చి తగ్గినవారు కూడా తీసుకొనవచ్చును. అయితే ఇప్పటికే మిగిలిపోయిన నొప్పికి ఇది మందు కాదు.

అపోహలు

సర్పి నడుము చుట్టూ తిరిగి తలా తోకా కలిస్తే ప్రాణం పోతుందని ఒక నమ్మకం ఉన్నది. ఇది వినిన ముసలివారు ఎంత భయపడతారో చూసినవారికే తెలుస్తుంది. ప్రతి నాడీసంధి శరీరానికి ఒక ప్రక్కకు మాత్రమే చెందినది. పొక్కులు వెన్నెముక వద్ద మొదలై ముందు వైపు మధ్యగీత వద్ద ఆగిపోవుట అందుకే. వ్యాధినిరోధక శక్తి బాగా తగ్గినవారిలో పొక్కులు ఒంటినిండా వ్యాపించవచ్చును, అది ప్రమాదకరమే. కాని దానికి కారణం తలా తోకా కలియుట కాదు.

మంత్రం వేయించుట, పసర్లు, పూతలు రాయుట వలన సర్పి తగ్గినదని చెప్పేవారు అబద్ధం చెప్పుట లేదు. మందు లేకపోయినా పొక్కులు రెండు నుండి నాలుగు వారాలలో మానిపోతాయి. పూత రాసినా మానుతాయి, రాయకపోయినా మానుతాయి. నష్టం మరొక చోట జరుగుతుంది. ఆ పూతల క్రింద మొదటి మూడు రోజులు గడిచిపోతాయి, చీము పడితే కనబడదు.

సర్పి ఒకరి నుండి మరొకరికి సర్పిగా అంటుకొనదు. కాని పచ్చి పొక్కులలోని రసి తగిలితే, ఇదివరకు ఆటలమ్మ రానివారికి, టీకా వేయించుకొననివారికి ఆటలమ్మ రావచ్చును. పొక్కులు చెక్కు కట్టే వరకు చంటిపిల్లలకు, గర్భిణులకు దూరంగా ఉండుట, ఆ చోటును బట్టతో కప్పి ఉంచుట మంచిది. వంకాయ, గోంగూర వంటివి తినుట వలన నొప్పి మిగులుతుందనుటకు ఆధారం లేదు. ఆకలి లేని ముసలివారికి పథ్యం పేరుతో మరింత తిండి తగ్గించకూడదు.

మిగిలిన నొప్పికి చికిత్స

పారాసెటమాల్ వంటి మామూలు నొప్పి మాత్రలు ఈ నొప్పికి అంతగా పనిచేయవు. దిగులు వ్యాధికి వాడే ఎమిట్రిప్టిలిన్ ఈ నొప్పికి పనికివస్తుందని 1982లో కెనడా వైద్యుడు వాట్సన్ బృందం చూపినది. మూర్ఛకు వాడే గాబాపెంటిన్, తరువాత వచ్చిన ప్రీగాబాలిన్ కూడా వాడుకలో ఉన్నవి. చర్మంపై అంటించే లిడోకెయిన్ పట్టీలు, మిరపలోని కారపు పదార్థమైన కాప్సైసిన్‌తో చేసిన మందులు కూడా కలవు. దిగులుకు, మూర్ఛకు వాడే మందు ఇచ్చారని కొందరు రోగులు నొచ్చుకొని మానివేస్తారు. ఆ మందులు ఇక్కడ నాడుల అదుపు తప్పిన సంకేతాలను తగ్గించుటకు ఇచ్చినవని వైద్యుడు ముందే చెప్పుట అవసరం.

ఈ మందులు మగత, తూలుట, నోరు ఎండుట, మలబద్ధకం కలిగిస్తాయి. ప్రోస్టేటు వాపు ఉన్నవారికి ఎమిట్రిప్టిలిన్ వలన మూత్రం బిగియవచ్చును. మూత్రపిండాలు సరిగా పనిచేయనివారికి గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ మోతాదు తగ్గించవలెను. ముసలివారు రాత్రి లేచి తూలి పడి తుంటి విరిగిన సందర్భాలు ఉన్నవి కనుక కొద్ది మోతాదుతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుతారు. ఫలితం తెలియటానికి కొన్ని వారాలు పట్టవచ్చును. హఠాత్తుగా మానకూడదు. ఎక్కువమందిలో నొప్పి కాలక్రమేణ, సంవత్సరం లోపు బాగా తగ్గుతుంది. కొద్దిమందిలో మాత్రం ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. అట్టివారిని నొప్పి చికిత్సా నిపుణుల వద్దకు పంపుతారు.